బారికేడ్ల పారిస్, బులెవార్డుల పారిస్: 19వ శతాబ్దపు ఫ్రెంచ్ విప్లవాల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ ప్రశ్నలన్నీ నన్ను వేర్వేరు మనుషులు అడిగినవే. చరిత్ర చదివేవాళ్లు విప్లవాల గురించి అడుగుతారు, బొమ్మలంటే ఇష్టం ఉన్నవాళ్లు చిత్రకారుడు మోనే గురించి అడుగుతారు, పారిస్ వెళ్లొచ్చినవాళ్లు ఆ వెడల్పాటి రోడ్ల గురించి, ఒకే ఎత్తులో వరసగా నిలబడ్డ ఆ మేడల గురించి అడుగుతారు. నాకైతే ఈ మూడూ ఒకటే కథ. జనం వీధి రాళ్లు పీకి అడ్డుగోడలు, అంటే బారికేడ్లు, కట్టారు, ప్రభుత్వం ఆ వీధుల్నే పడగొట్టి బులెవార్డులనే పెద్ద రోడ్లు వేసింది, చిత్రకారులు ఆ కొత్త రోడ్లనే బొమ్మలు గీశారు. విడివిడిగా చెబితే అసలు సంగతి జారిపోతుందని అన్నీ ఒకేచోట రాస్తున్నా.

ఫ్రెంచ్ విప్లవం అంటే 1789 కదా? 19వ శతాబ్దంలో మళ్లీ విప్లవాలేంటి?

స్కూల్లో మనకు 1789 చెప్పి, వెంటనే నెపోలియన్ దగ్గరికి వెళ్లి, వాటర్లూ యుద్ధంతో పుస్తకం మూసేస్తారు. కానీ 1815లో నెపోలియన్ ఓడిపోయాక పాత బూర్బన్ రాజవంశమే తిరిగొచ్చి సింహాసనం ఎక్కింది. అంటే 1789లో మొదలైన గొడవ తేలలేదు. అందుకే 1830 జులైలో ఒకసారి, 1848 ఫిబ్రవరిలో ఇంకోసారి రాజుల్ని దించేశారు. 1848 జూన్‌లో కూలీలు తిరగబడ్డారు, 1871లో పారిస్ కమ్యూన్ అనే తిరుగుబాటు ప్రభుత్వం వచ్చింది. మధ్యలో 1832, 1834 తిరుగుబాట్లు కూడా ఉన్నాయి, అవి గెలవలేదు. 1815 నుంచి 1871 వరకు లెక్కేస్తే ఇద్దరు బూర్బన్ రాజులు, ఒక ఓర్లియన్స్ రాజు, ఒక రిపబ్లిక్, ఒక చక్రవర్తి, ఆ తర్వాత మళ్లీ రిపబ్లిక్. 1800 ప్రాంతంలో పారిస్‌లో పుట్టి డెబ్భై ఏళ్లు బతికిన మనిషి ఇవన్నీ కళ్లారా చూసి ఉంటాడు.

1830లో మూడే రోజుల్లో రాజు ఎలా దిగిపోయాడు?

పదో చార్లెస్ 1830 జులై 25న కొన్ని ఆర్డినెన్సుల మీద సంతకం పెట్టాడు. పత్రికల స్వేచ్ఛ రద్దు, కొత్తగా ఎన్నికైన సభ రద్దు, ఓటు హక్కు ఇంకా కొద్దిమందికే. మర్నాడు అవి ప్రభుత్వ పత్రికలో అచ్చయ్యాయి. పత్రికలు మూతపడితే ముందు రోడ్డున పడేది ఎవరు? ప్రెస్సుల్లో పనిచేసేవాళ్లు. అందుకే మొదట వీధుల్లోకి వచ్చినవాళ్లలో అచ్చు పనివాళ్లు చాలామంది ఉన్నారు. 27, 28, 29 తేదీల్లో పోరాటం జరిగింది, ఆ మూడు రోజుల్నీ ఫ్రెంచివాళ్లు 'మహోజ్వలమైన మూడు రోజులు' అంటారు. ఆగస్టు 2న రాజు గద్దె దిగాడు.

అయితే పోరాడినవాళ్లలో చాలామంది కోరుకున్నది రిపబ్లిక్. వాళ్లకు దక్కింది ఇంకో రాజు, లూయీ ఫిలిప్. 'ఫ్రాన్స్ రాజు' అనకుండా 'ఫ్రెంచి ప్రజల రాజు' అని పేరు మార్చారంతే. తర్వాతి పద్దెనిమిదేళ్ల అసంతృప్తికి విత్తనం అక్కడే పడింది.

జెండా పట్టుకుని ముందు నడిచే స్త్రీ బొమ్మ ఉంది కదా, అది 1789 విప్లవానిదేనా?

కాదు, 1830దే. అందరూ పొరబడే విషయం ఇది. మన దగ్గర కూడా 1789 గురించి వ్యాసం వేస్తే పక్కన ఈ బొమ్మే పెడతారు. గీసింది యూజీన్ డెలాక్రవా, 1830 చివర్లో. ఆయన ఆ మూడు రోజులూ పోరాటంలో దిగలేదు. దేశం కోసం పోరాడకపోయినా కనీసం దేశం కోసం బొమ్మ వేస్తానని అన్నకు ఉత్తరం రాశాడు.

బొమ్మను కాస్త దగ్గర నుంచి చూడండి. మధ్యలో ఉన్న స్త్రీ స్వేచ్ఛకు ప్రతీక, నిజం మనిషి కాదు, కానీ కాళ్లకు చెప్పుల్లేవు, చేతిలో బయొనెట్ బిగించిన తుపాకీ ఉంది. పక్కన ఎత్తు టోపీ పెట్టుకున్న మధ్యతరగతి మనిషి, కత్తి పట్టుకున్న కార్మికుడు, రెండు చేతుల్లో రెండు పిస్తోళ్లతో దూకుతున్న పిల్లాడు. కుడివైపు దూరంగా పొగలో నోట్రడామ్ చర్చి గోపురాలు కనబడతాయి, అది పారిసే అని చెప్పడానికి. నా చూపు ఎప్పుడూ కింద ఎడమ మూలకే పోతుంది. అక్కడ ఒక శవం ఉంది, ఒంటి మీద చొక్కా తప్ప ఏమీ లేదు, ఒక కాలికి మాత్రం మేజోడు మిగిలింది. స్వేచ్ఛ గొప్పదనం చూపించే బొమ్మలో అందరికంటే ముందు, మనకు అతి దగ్గరగా, ఆ మనిషిని పెట్టాడు డెలాక్రవా. ఆ ఒక్క మేజోడు వల్ల ఆ బొమ్మ నాకు పోస్టరులా అనిపించదు.

ఇంకో సంగతి. ఆమె చేతిలోని మూడు రంగుల జెండా 1815 నుంచి 1830 దాకా నిషేధం, బూర్బన్ల జెండా తెల్లది. అప్పటి జనానికి ఆ మూడు రంగులు మళ్లీ కనబడటమే ఒక పెద్ద వార్త. 1831 సలోన్‌లో, అంటే ప్రభుత్వం నడిపే పెద్ద చిత్రకళా ప్రదర్శనలో, దీన్ని పెట్టారు. ప్రభుత్వమే 3,000 ఫ్రాంకులిచ్చి కొన్నది. కానీ కొద్దికాలానికే గోడ మీంచి దించి దాచేశారు. తిరుగుబాటుతో గద్దెనెక్కిన రాజుకు తిరుగుబాటు బొమ్మ అంటే టెన్షనే మరి. లూవ్ర్ మ్యూజియానికి చేరింది 1874లో. 2024లో పాత వార్నిష్ పొరలు తీసి శుభ్రం చేశాక ఆ జెండా రంగులు ఎంత తేటగా ఉన్నాయో తెలిసింది.

'లె మిజరబుల్'లో చూపించిన తిరుగుబాటు ఏది?

1832 జూన్ 5, 6 తేదీల్లో జరిగింది, ఓడిపోయింది. మన తెలుగులో 'బీదలపాట్లు' సినిమాగా వచ్చిన కథకు మూలం ఈ విక్టర్ హ్యూగో నవలే, 1862లో అచ్చయింది. 1832 వసంతంలో పారిస్‌కు కలరా వచ్చి 18,000 మందికి పైగా చనిపోయారు. ఇరుకు సందులు, బావి నీళ్లు, రోడ్డు మీద పారే మురుగు ఉన్న పేద పేటల్లోనే చావులు ఎక్కువ. బావుల్లో విషం కలిపారని పుకార్లు పుట్టాయి. జనం అభిమానించే జనరల్ లమార్క్ కూడా కలరాతోనే పోయాడు, ఆయన అంతిమయాత్రే తిరుగుబాటుగా మారింది. ఈ కలరాను గుర్తుపెట్టుకోండి, తర్వాత నగరాన్ని ఎందుకు పడగొట్టారో అర్థం కావడానికి ఇది కావాలి.

బొమ్మ గీసినందుకు జైల్లో పెట్టారా?

పెట్టారు. ఒనొరె డోమియే అనే కార్టూనిస్టు లూయీ ఫిలిప్‌ను ఒక రాక్షసుడిగా గీశాడు, పేదలు బుట్టలతో డబ్బు మోసుకొస్తుంటే నోరు తెరుచుకుని మింగే భారీ రాజుగా. ఆరు నెలల శిక్ష పడింది, 1832లో జైలుకెళ్లాడు.

కానీ ఆయన గీసిన వాటిలో నన్ను వదలనిది వేరే ఉంది. 1834 ఏప్రిల్ 15 తెల్లవారుజామున ట్రాన్స్‌నోనైన్ వీధిలో, 12వ నంబరు ఇంటి నుంచి ఎవరో కాల్చారని సైనికులు లోపలికి జొరబడి నిద్రలో ఉన్నవాళ్లను చంపేశారు. డోమియే దాన్ని లితోగ్రాఫ్‌గా, అంటే రాతి పలక మీద గీసి అచ్చేసే బొమ్మగా, గీశాడు. తుపాకులు లేవు, సైనికులు లేరు, అరుపుల్లేవు. ఒక పడకగది. దుప్పటి మంచం మీంచి కిందికి జారి ఉంది, కుర్చీ బోర్లా పడి ఉంది. రాత్రి చొక్కా, కుచ్చు టోపీతో ఒక మనిషి మంచానికి ఆనుకుని చనిపోయి ఉన్నాడు. ఒక క్షణం అంతే అనుకుంటాం. తర్వాత ఆయన ఒంటి కింద ఇరుక్కున్న చిన్న తల కనబడుతుంది, పసిబిడ్డ. ఆ తర్వాత ఎడమవైపు నీడలో ఒక స్త్రీ, కుడివైపు అంచున ఒక ముసలాయన తల. మనం ఒక్కొక్కర్నీ వెతుక్కుంటూ చూసేలా గీశాడు. పోలీసులు దొరికిన ప్రతులనల్లా పట్టుకుపోయారు. 1835లో వచ్చిన చట్టంతో రాజకీయ కార్టూన్లు గీయడమే దాదాపు ఆగిపోయింది. ఆ వీధి పేరు కూడా ఇప్పుడు పారిస్ మ్యాపులో లేదు, బోబూర్ వీధిలో కలిపేశారు.

బారికేడ్ అంటే అసలు ఏంటి? ఎలా కట్టేవాళ్లు?

ఫ్రెంచిలో 'బరీక్' అంటే పీపా. పీపాల్లో మట్టి, రాళ్లు నింపి వీధికి అడ్డంగా పెట్టేవాళ్లు, పేరు అలా వచ్చింది. 1588లోనే పారిస్‌లో బారికేడ్లు లేచాయి. 19వ శతాబ్దానికి వచ్చేసరికి ముఖ్యమైన సరుకు వీధి రాళ్లే. అప్పటి వీధులు చదరపు రాళ్లు పరిచినవి, గునపంతో ఒక రాయి లేపితే పక్కవి సులువుగా వస్తాయి. వాటికి తోడు గుర్రబ్బళ్లు, ఇంటి తలుపులు, మంచాలు, నరికిన చెట్లు. వీధి నాలుగు మీటర్లే ఉంటే ఇరవై మంది గంటలో ఛాతీ ఎత్తు గోడ లేపగలరు. రెండు వైపులా ఎత్తైన ఇళ్లు, పై అంతస్తుల నుంచి పెంకులు, కుండలు, ఏది దొరికితే అది సైనికుల మీద పడేది. ఫిరంగిని ఆ సందులో తిప్పడానికి కూడా చోటుండదు.

ఇరుకుదనమే వాళ్ల ఆయుధం. ప్రభుత్వానికి ఇది బాగా అర్థమైంది.

1848లో రెండు విప్లవాలు అంటారు, ఎందుకు?

ఫిబ్రవరిలో గెలిచింది ఒకటి, జూన్‌లో ఓడింది ఇంకొకటి. మూడున్నర కోట్ల జనాభా ఉన్న దేశంలో అప్పుడు ఓటు ఉన్నది దాదాపు 2,50,000 మందికే, పన్ను కట్టే స్తోమతను బట్టి. సభలు పెట్టుకోనివ్వరు కాబట్టి విందు భోజనాల పేరుతో ఓటు హక్కు సంస్కరణ గురించి మాట్లాడేవాళ్లు. ఫిబ్రవరి 22న అలాంటి విందునొకదాన్ని నిషేధించడంతో జనం రోడ్డెక్కారు. 23 రాత్రి కాపుసీన్ బులెవార్డులో సైనికులు కాల్పులు జరిపితే సుమారు యాభై మంది చనిపోయారు. శవాల్లో కొన్నిటిని బండికెత్తి, కాగడాల వెలుగులో పారిస్ వీధులన్నీ తిప్పారు. తెల్లారేసరికి ఊరంతా బారికేడ్లే. 24న లూయీ ఫిలిప్ గద్దె వదిలి ఇంగ్లండ్ పారిపోయాడు.

రిపబ్లిక్ వచ్చింది. పురుషులందరికీ ఓటు ఇచ్చారు, ఓటర్లు ఒక్కసారిగా తొంభై లక్షలయ్యారు. ఏప్రిల్ 27న ఫ్రెంచి వలసల్లో బానిసత్వాన్ని రద్దు చేశారు. పని లేనివాళ్ల కోసం 'జాతీయ వర్క్‌షాపులు' తెరిచారు, అందులో లక్షమందికి పైగా చేరారు. కానీ కొత్త ఓటర్లలో ఎక్కువమంది పల్లెటూళ్లవాళ్లు, వాళ్లు ఎన్నుకున్న సభకు పారిస్ కూలీల మీద అంత ప్రేమ లేదు. జూన్‌లో ఆ వర్క్‌షాపులు మూసేశారు. కూలి మీద బతికేవాడికి రేపు పని లేదంటే ఏమవుతుంది? జూన్ 23 నుంచి 26 దాకా తూర్పు పారిస్ మొత్తం తిరగబడింది. జనరల్ కవేన్యాక్ ఫిరంగులతో అణిచేశాడు. వేలమంది చనిపోయారు, వేలమందిని అల్జీరియాకు పంపేశారు. ఫిబ్రవరిలో పక్కపక్కన నిలబడ్డ మధ్యతరగతి, కార్మికులు జూన్‌లో బారికేడుకు చెరోవైపు ఉన్నారు. నా దృష్టిలో ఈ శతాబ్దమంతట్లో గుండె బరువెక్కించే ఘట్టం ఇదే.

ఆ జూన్ రోజుల ఫొటోలేమైనా ఉన్నాయా?

ఉన్నాయి, అదే ఆశ్చర్యం. తిబో అనే ఆయన సెయింట్ మోర్ వీధిలో ఒక కిటికీలోంచి డాగెరోటైప్‌లు తీశాడు, సైన్యం దాడికి ముందు ఒకటి, తర్వాత ఒకటి. రాగి రేకు మీద వెండి పూత పూసి తీసే ఫొటోలవి, ఎక్స్‌పోజర్‌కు చాలాసేపు పట్టేది, అందుకే కదిలేవాళ్లు పడరు. మొదటి ఫొటోలో ఖాళీ వీధి, దానికి అడ్డంగా ఒకదాని వెనక ఒకటి బారికేడ్లు, మూసిన కిటికీ రెక్కలు. ఎవరూ లేనట్టే ఉంటుంది. గోడల వెనక మనుషులున్నారని మనకు తెలుసు కాబట్టి ఆ నిశ్శబ్దం భయపెడుతుంది. రెండో ఫొటోలో అదే వీధి నిండా సైనికులు, మసకమసకగా. కొద్దిరోజుల్లోనే వీటిని చెక్క మీద చెక్కి 'ఇల్లుస్ట్రాసియోం' అనే వారపత్రిక అచ్చేసింది. వార్తతో పాటు ఫొటో వేయడం అనే పద్ధతికి ఇవి తొలి ఉదాహరణల్లో ఉన్నాయి.

ఎర్నెస్ట్ మెసోనియే అనే చిత్రకారుడు అప్పుడు పౌరుల సైనిక దళమైన నేషనల్ గార్డులో కెప్టెన్, అంటే ప్రభుత్వం వైపు. పోరాటం అయ్యాక మోర్టెల్‌రీ వీధిలో తాను చూసింది గీశాడు. పీకిన రాళ్లు, వాటి మధ్య రాళ్లలాగే పడున్న శవాలు. చొక్కాలు నీలం, తెలుపు, ఎరుపు. బొమ్మ చాలా చిన్నది, అరచేతులు రెండూ పక్కపక్కన పెడితే దాదాపు సరిపోతుంది. డెలాక్రవా బొమ్మ మూడు మీటర్లకు పైగా వెడల్పు, ఇది ఒక జానెడు.

మన యానాంకు వీటితో సంబంధం ఉందా?

ఉంది. గోదావరి పాయ పక్కనున్న యానాం అప్పుడు ఫ్రెంచి పాలనలోనే ఉంది, 1954 దాకా ఉంది. 1848 విప్లవం తర్వాత పుదుచ్చేరి, యానాం, మిగతా స్థావరాలు కలిపి ఫ్రెంచ్ ఇండియాకు పారిస్ సభలో ఒక స్థానం ఇచ్చారు. ఆ తర్వాత చక్రవర్తి అయిన మూడో నెపోలియన్ వచ్చాక అది పోయింది, ఆయన పోయాక 1871లో మళ్లీ వచ్చింది. పారిస్ వీధుల్లో ఎవరు గెలిచారన్నది గోదావరి గట్టు మీది మనిషి ఓటునూ తాకింది.

ఓస్మాన్ ఎవరు? పారిస్‌ను ఎందుకు పడగొట్టాడు?

1848 డిసెంబరులో జనం ఓట్లేసి లూయీ నెపోలియన్‌ను, అంటే పాత నెపోలియన్ తమ్ముడి కొడుకును, అధ్యక్షుడిగా ఎన్నుకున్నారు. 1851 డిసెంబరు 2న సైన్యంతో అధికారం లాక్కున్నాడు, ఏడాది తిరిగేసరికి మూడో నెపోలియన్ పేరుతో చక్రవర్తి అయ్యాడు. హ్యూగో దేశం వదిలి వెళ్లిపోయి 1870 దాకా తిరిగి రాలేదు.

ఆ చక్రవర్తి 1853 జూన్‌లో జార్జ్ యూజీన్ ఓస్మాన్‌ను పారిస్ ఉన్న సెన్ జిల్లాకు ప్రిఫెక్టుగా నియమించాడు, మన లెక్కలో కలెక్టర్ లాంటి పదవి. రంగు గీతలతో కొత్త రోడ్లు గుర్తుపెట్టిన పారిస్ మ్యాపు ఒకటి చేతికిచ్చాడు. తర్వాతి పదిహేడేళ్లలో సుమారు 20,000 ఇళ్లు కూలాయి, అంతకు మించి కొత్తవి లేచాయి. నగరం మధ్యలో ఉత్తరం నుంచి దక్షిణానికి సెబస్టపోల్, సెయింట్ మిషెల్ బులెవార్డులు, తూర్పు పడమరలకు రివోలి వీధి పొడిగింపు. నోట్రడామ్ ఉన్న సీటే దీవిలో దాదాపు 15,000 మంది ఉండేవాళ్లు, పనులయ్యేసరికి 5,000 మందే మిగిలారు. 1860లో చుట్టుపక్కల ఊళ్లను కలిపేసుకుని 12 వార్డుల నగరాన్ని 20 వార్డులు చేశారు.

మీరు పారిస్‌లో చూసే ఆ మేడల వరస కూడా నియమం ప్రకారం వచ్చిందే. 20 మీటర్లు, ఆపై వెడల్పున్న వీధిలో గోడ ఎత్తు 20 మీటర్లు దాటకూడదు. లేత రంగు చెక్కిన రాయి, రెండో అంతస్తుకూ ఐదో అంతస్తుకూ పొడవాటి బాల్కనీ, పైన వాలు కప్పు. ఆ కప్పు కింది చిన్న గదుల్లో పనిమనుషులు.

ఆ వెడల్పాటి రోడ్లు సైన్యం కోసమే వేశారంటారు, నిజమేనా?

కొంత నిజం, మొత్తం కాదు. ఓస్మాన్ తన జ్ఞాపకాల్లో దాచుకోకుండానే రాసుకున్నాడు. సెయింట్ మార్టిన్ కాలువ తిరుగుబాటుదారులకు కందకంలా ఉపయోగపడేది, దాన్ని కిందికి దించి పైన కప్పేసి రిషార్ లెనువార్ బులెవార్డు వేయడం వల్ల ఆ రక్షణ పోయిందని ఆయనే చెప్పుకున్నాడు. ట్రాన్స్‌నోనైన్ లాంటి తిరుగుబాటు పేటల మధ్యలోంచి రోడ్డు చీల్చుకుపోవడం కూడా చక్రవర్తికి నచ్చిన విషయమే.

కానీ అదొక్కటే అయితే నీళ్ల గొట్టాలు, పార్కులు, రైల్వే స్టేషన్లను కలిపే రోడ్లు ఎందుకు? 1801లో ఐదున్నర లక్షలున్న పారిస్ జనాభా 1851కి పది లక్షలు దాటింది, వీధులు మాత్రం పాతవే. 1832లో వచ్చిన కలరా 1849లో మళ్లీ వచ్చింది. ఇంజనీరు యూజీన్ బెల్‌గ్రాండ్ 131 కిలోమీటర్ల దూరం నుంచి ద్యూయిస్ ఊటనీళ్లు తెప్పించాడు, 1865లో అవి పారిస్ చేరాయి. 1878 నాటికి మురుగు సొరంగాలు 600 కిలోమీటర్లయ్యాయి. బ్యూట్ షోమాన్ అనే పార్కును పాత జిప్సం గనులు, చెత్తదిబ్బల మీద కట్టి 1867లో తెరిచారు. ఈ పనులు లక్షల ప్రాణాలకు సంబంధించినవి, వాటిని తక్కువ చేసి మాట్లాడటం నాకిష్టం లేదు. తుపాకీ దారి, గాలి దారి, నీటి దారి, వ్యాపారం దారి, అన్నీ ఒకే రోడ్డులో వేశారు.

ఇళ్లు పోయినవాళ్లు ఏమయ్యారు? డబ్బు ఎక్కడిది?

ఇంటి యజమానికి పరిహారం దొరికింది, కొన్నిచోట్ల బాగా ఎక్కువే. అద్దెకున్నవాడికి చేతికందింది చాలా తక్కువ, చాలామందికి అదీ లేదు. కొత్త మేడల్లో అద్దెలు కట్టలేక కూలీలు బెల్‌విల్, మెనిల్‌మాంటాన్ లాంటి తూర్పు గుట్టల మీదికి, ఊరి అంచులకు పోయారు. పాత రోజుల్లో ఒకే మేడలో కింద షాపు ఓనరు, పై అంతస్తులో కూలీ ఉండేవాళ్లు. ఆ కలిసి బతకడం చాలావరకు పోయి పడమర డబ్బున్నవాళ్లకు, తూర్పు లేనివాళ్లకు అయింది.

డబ్బు మాత్రం అప్పే. ఖర్చు మొత్తం సుమారు 250 కోట్ల ఫ్రాంకులు. సభ అనుమతి లేకుండా కాంట్రాక్టర్ల బాండ్ల రూపంలో అప్పులు తెచ్చారని జూల్ ఫెర్రీ అనే రాజకీయ నాయకుడు 1868లో లెక్కలతో సహా విరుచుకుపడ్డాడు. 1870 జనవరిలో ఓస్మాన్‌ను తీసేశారు.

పడగొట్టకముందు పారిస్ ఎలా ఉండేదో చూడొచ్చా?

చూడొచ్చు. షార్ల్ మార్విల్ అనే ఫొటోగ్రాఫర్‌కు నగర పాలక సంస్థే ఈ పని అప్పగించింది, కూలబోయే వీధుల్ని ముందే ఫొటో తీసిపెట్టమని. నాలుగు వందలకు పైగా తీశాడు. తడిసిన రాళ్ల వీధి, మధ్యలో మురుగు పారే గాడి, గోడల నిండా ప్రకటనలు, అక్కడక్కడ కదిలిపోయి పొగలా మిగిలిన మనిషి ఆకారం. కూల్చినవాళ్లే ఇంత శ్రద్ధగా తీయించి పెట్టడం వల్ల మనకు ఆ వీధులు మిగిలాయి.

పారిస్ కమ్యూన్ అంటే?

1870లో మూడో నెపోలియన్ జర్మన్ రాజ్యమైన ప్రష్యాతో యుద్ధానికి దిగి ఓడి పట్టుబడ్డాడు. సెప్టెంబరు నుంచి జనవరి దాకా పారిస్ ముట్టడిలో ఉంది, తిండి లేక ఎలుకల్ని, జూలోని ఏనుగుల్ని కూడా తిన్నారు. యుద్ధం ముగిశాక, 1871 మార్చి 18న తియేర్ నాయకత్వంలోని కొత్త ఫ్రెంచి ప్రభుత్వం మోంమార్త్ర్ గుట్ట మీదున్న ఫిరంగుల్ని తీసుకుపోవడానికి సైన్యాన్ని పంపింది. జనం అడ్డుపడ్డారు, సైనికులు కాల్చడానికి ఒప్పుకోలేదు, ప్రభుత్వం వెర్సాయ్ పారిపోయింది. పారిస్ తనకు తాను ఎన్నికలు పెట్టుకుని సొంత ప్రభుత్వం ఏర్పరచుకుంది, దాని పేరే కమ్యూన్.

72 రోజులు నడిచిన పాలన అది. బకాయి అద్దెలు మాఫీ చేశారు, బేకరీల్లో రాత్రి పని నిషేధించారు, తాకట్టు కొట్లో ఉన్న పేదల పనిముట్లు, పరుపులు తిరిగిచ్చారు. చక్రవర్తులూ పార్లమెంట్లూ పెద్ద పెద్ద మాటలు మాట్లాడిన ఆ శతాబ్దంలో, బేకరీ కుర్రాడి నిద్ర గురించి ఒక ప్రభుత్వం ఆలోచించింది. నాకు కమ్యూన్ మీద అభిమానం పుట్టింది అక్కడే.

మే 21న సైన్యం లోపలికొచ్చింది. 28 దాకా సాగిన ఆ వారాన్ని 'రక్తపు వారం' అంటారు. నెపోలియన్ గేయార్ అనే చెప్పులు కుట్టే ఆయన కట్టించిన భారీ బారికేడ్ కాంకర్డ్ కూడలి దగ్గర ఉండేది. సైన్యం ఎదురుగా రాకుండా పక్క వీధుల్లోంచి, ఇళ్ల గోడలకు కన్నాలు పెట్టుకుంటూ వెనక నుంచి వచ్చింది. వెడల్పు రోడ్లలో బారికేడ్ ఒంటరిదైపోయింది. త్యూలరీ రాజభవనం, నగర భవనం తగలబడ్డాయి. చనిపోయినవాళ్ల సంఖ్య మీద చరిత్రకారుల మధ్య ఇప్పటికీ వాదన ఉంది, వేలల్లోనే. పేర్ లషేజ్ శ్మశానం గోడ దగ్గర 147 మందిని నిలబెట్టి కాల్చారు. బారికేడ్ల మీద నిలబడి సరదాగా తీయించుకున్న ఫొటోలు తర్వాత మనుషుల్ని గుర్తుపట్టడానికి పోలీసులకు పనికొచ్చాయి.

కూర్బే నిజంగా ఒక స్తంభం కూల్చినందుకు దివాలా తీశాడా?

అవును. గుస్తావ్ కూర్బే అప్పటికే పెద్ద పేరున్న చిత్రకారుడు. రాళ్లు కొట్టే కూలీల్ని, పల్లెటూరి అంత్యక్రియల్ని రాజుల బొమ్మలంత సైజులో గీసి గొడవ రేపినవాడు. కమ్యూన్‌లో కళాకారుల సంఘానికి నాయకుడు. వాందోమ్ కూడలిలో నెపోలియన్ యుద్ధ విజయాల కంచు స్తంభాన్ని 1871 మే 16న కమ్యూన్ కూల్చేసింది. దాన్ని విప్పి తీసేయాలని కూర్బే అంతకుముందే అర్జీ పెట్టి ఉన్నాడు. ఆరు నెలలు జైల్లో వేశారు. తర్వాత మళ్లీ కట్టే ఖర్చంతా ఆయనే పెట్టుకోవాలని తీర్పిచ్చారు, 3,23,091 ఫ్రాంకులు, ఏటా 10,000 చొప్పున. స్విట్జర్లాండ్ పారిపోయాడు. మొదటి కిస్తీ కట్టాల్సిన ముందురోజు, 1877 డిసెంబరు 31న, అక్కడే చనిపోయాడు.

ఇంప్రెషనిస్టులు ఇంత రక్తం చూసి కూడా పూలు, పడవలే ఎందుకు గీశారు?

ఈ ప్రశ్న నన్నూ చాలాకాలం వేధించింది. ఇంప్రెషనిస్టులంటే మోనే లాంటివాళ్లు, కంటికి ఆ క్షణం కనబడ్డ వెలుతురునూ రంగునూ గీసిన చిత్రకారులు. మొదట లెక్క చూద్దాం. మోనే, పిస్సారో యుద్ధకాలంలో లండన్ వెళ్లిపోయారు. వాళ్ల మిత్రుడు బజీల్ 1870 నవంబరులో యుద్ధంలో చనిపోయాడు, ఇరవై ఎనిమిదేళ్లకు. మానే (మోనే కాదు, ఇంకో చిత్రకారుడు) ముట్టడి సమయంలో నేషనల్ గార్డులో ఉన్నాడు, కమ్యూన్ శవాల మీద లితోగ్రాఫ్‌లు వేశాడు. అంటే చూడకుండా లేరు. కానీ కమ్యూన్ వైపు బొమ్మ గీసి ప్రదర్శించే పరిస్థితి అప్పుడు లేదు, ఖైదీలకు పూర్తి క్షమాభిక్ష 1880కి గానీ రాలేదు.

వాళ్ల మొదటి ప్రదర్శన 1874 ఏప్రిల్ 15న, కాపుసీన్ బులెవార్డు 35వ నంబరులో, ఫొటోగ్రాఫర్ నాదార్ పాత స్టూడియోలో. టికెట్టు ఒక ఫ్రాంకు. పైన చెప్పాను, 1848 ఫిబ్రవరి 23 రాత్రి కాల్పులు జరిగింది ఈ బులెవార్డులోనే. అదే రోడ్డును మోనే పై అంతస్తు నుంచి చూసి గీశాడు, కింద జనం నల్లటి చిన్న గీతల్లా కదులుతుంటారు. విమర్శకుడు లూయీ లెరువా ఆ మనుషుల్ని చూసి వెక్కిరించాడు. నాకు మాత్రం అక్కడ ఇరవై ఆరేళ్ల ముందు అదే రోడ్డు మీద పడిపోయిన మనుషులు గుర్తొస్తారు.

కయ్‌బోత్ అనే చిత్రకారుడు 1877లో గీసిన వాన రోజు పారిస్ బొమ్మ ఇంకా స్పష్టంగా చెబుతుంది. డబ్లిన్ కూడలి, అంతా కొత్తగా కట్టిన పేట. తడిసిన చదరపు రాళ్లు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు, ప్రతి రాయి మీదా వెలుతురు వేరు. మధ్యలో గ్యాసు దీపం స్తంభం బొమ్మను రెండుగా చీలుస్తుంది. మంచి బట్టల్లో, గొడుగుల కింద మనుషులు, ఒకరినొకరు చూసుకోరు. బారికేడ్లకు పీకింది ఇలాంటి రాళ్లే. ఇక్కడ అవి గట్టిగా, వరసగా, కదలకుండా ఉన్నాయి.

ఒకే ఒక్క బొమ్మ చూడమంటే ఏది?

1878 జూన్ 30. ప్రపంచ ప్రదర్శన జరుగుతోంది, శాంతి పండగ పేరుతో పారిస్ అంతా జెండాలు కట్టారు. ఆరోజు మోనే మోంటోర్గెయ్ వీధిని గీశాడు. ఎత్తు నుంచి చూపు, కిటికీలు కనబడనంతగా మూడు రంగుల జెండాలు, గాలికి కొట్టుకుంటున్న చప్పుడు వినబడేంత హుషారు. దానికోసం పారిస్‌లో ఓర్సే మ్యూజియానికి వెళ్లాలి.

అదే రోజు జెండాల్ని మానే కూడా గీశాడు, తన స్టూడియో కిటికీలోంచి కనబడే మోస్నియే వీధిలో. ఇప్పుడది అమెరికాలో గెట్టీ మ్యూజియంలో ఉంది. ఎండ పడి తెల్లగా మెరిసే కొత్త రోడ్డు, రెండు వైపులా జెండాలు, ఒక గుర్రబ్బండి. ఎడమవైపు కంచె, దాని వెనక ఇంకా ఎత్తిపోయని శిథిలాల మట్టి. ఆ కంచె పక్కన నీలం చొక్కా వేసుకున్న మనిషి మనకు వీపు పెట్టి, చంకకర్రల మీద నడిచిపోతున్నాడు. ఒక కాలు లేదు.